తిరుత్తణి మగ్గానికి కుక్కబొమికె

మా గుంపులో చాలామందికి ఒకరి ముఖం ఒకరికి తెలియదు. చేతులు మాత్రం బాగా తెలుసు. గుంపు పేరు ‘ఆరె దారం’. ఆరె అంటే చెప్పులు కుట్టేవాళ్ళు తోలుకు బెజ్జం పొడిచే పనిముట్టు. తోలుతో పర్సులు, బెల్టులు, సంచులు కుట్టుకునే సరదా ఉన్నవాళ్ళూ, అదే బతుకుతెరువైనవాళ్ళూ కలిసి ఫోన్లలో నడుపుకునే గుంపు ఇది. పెత్తనం నాది. పగలు రాజమండ్రిలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం, సాయంత్రం నుంచి ఈ తోలు సంసారం. మాకు నియమాలు రెండే. ఎవరి పనిలోనైనా తప్పు చెప్పాలనుకుంటే ముందు నచ్చినదొకటి చెప్పాలి. ఫోటో పెడితే అందులో చేతులు కనబడాలి. ఈ రెండోది దేవదానం గారు పట్టుబట్టి పెట్టించారు. కొన్న పర్సు తెచ్చి నేనే కుట్టానని కోతలు కోసేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళుమంట.

దేవదానం గారికి మా ఊళ్ళో చెప్పుల దుకాణం ఉంది. వాళ్ళ తాత నాటి పని. గుంపులో అందరికీ ఆయనే గురువు. మనం మర్చిపోతామేమోనని ఆ సంగతి ఆయనే తరచూ గుర్తుచేస్తుంటారు.

ఈ వేసవి సెలవుల మొదట్లో గుంపులోకి ఒక వాయిస్ మెసేజి వచ్చింది. పంపింది కోమల. తిరుత్తణిలో నేతవాళ్ళ అమ్మాయి. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదువంతా తమిళంలో కావడంతో తెలుగు అక్షరాలు రావు. అందుకని ఆమె ఎప్పుడూ గొంతుతోనే పలుకుతుంది. వాచీల పట్టీలు కుట్టడంలో దిట్ట. కొత్తగా చేరినవాళ్ళకు సూది ఎలా పట్టుకోవాలో ఓపికగా చెప్పేదీ ఆమే.

“అన్నలకీ అక్కలకీ నమస్కారం. నా పనిముట్లన్నీ అమ్మేస్తా ఉండా. సుత్తి, ఆరెలు, తోలు బిగించుకునే చెక్క, అన్నీ. కావల్సినోళ్ళు చెప్పండి. ఇంక నేను గుంపులో ఉండను.”

గొంతులో ఏడుపు లేదు. ఏడ్చినా అంత భయపడేదాన్ని కాదు.

వెంటనే ఫోన్ చేశాను. కోమల తిరువళ్ళూరులో ఒక బట్టల కొట్టులో బిల్లులు కొడుతుంది. వారమంతా పక్కనే మణవాళనగర్‌లో వాళ్ళక్క అద్దె ఇంట్లో ఉంటుంది, ఆదివారాలు తిరుత్తణికి వెళ్తుంది. ఆ అద్దె ఇంటి మేడ మీదే ఆమె తోలుపని. సుత్తి చప్పుడు భరించలేక ఇంటి ఓనరమ్మ, సుత్తయినా ఉండాలి మీరైనా ఉండాలి అని తేల్చేసింది. పోనీ సొంత ఇంట్లో చేసుకుందామంటే నాన్న మునిరత్నం గారు తోలును గడప దాటనివ్వరు. అదీ సంగతి.

“నేనొస్తున్నాను, అంతవరకు ఒక్క ఆరె కూడా అమ్మకు” అన్నాను. వెళ్ళి ఏం చేస్తానో నాకే తెలియదు. అయినా ఎక్కడలేని హుషారు వచ్చేసింది. ఇన్నాళ్ళూ చేతులు మాత్రమే చూసిన మనుషుల్ని చూడబోతున్నానాయె! సంగతి చెప్పగానే దేవదానం గారు దుకాణం కొడుక్కి అప్పజెప్పేశారు. “నేను లేకుండా ఎలాగండి అడ్మిన్ గారూ? మీరు మాటలు చెప్తారు, పనెవరు చెప్తారండి?”

గుమ్మిడిపూండి: ఎవరి చెయ్యి ఎవరిది

మేం గుమ్మిడిపూండిలో దిగేసరికి ఫ్యాక్టరీల షిఫ్టు వదిలినట్టుంది. స్టేషనంతా క్యారేజీలు పట్టుకున్న జనం. అక్కడ మమ్మల్ని కలవాల్సింది గుణ. ఫ్యాక్టరీలో పనిచేస్తూ, తీరిక వేళ తాళాల గుత్తులకు తోలు తొడుగులు కుట్టే కుర్రాడు. ముఖం ఎరగం. ఎడమ బొటనవేలి గోరు సగమే ఉంటుందని మాత్రం తెలుసు.

దేవదానం గారు ప్లాట్‌ఫారం మీద నిలబడి వచ్చేపోయేవాళ్ళ చేతుల్ని కిందికి వంగి మరీ చూడటం మొదలెట్టారు. ఇద్దరు ముగ్గురు చేతుల్లోని క్యారేజీలు గట్టిగా పట్టుకుని పక్కకు జరిగారు. ఇంతలో ఆయన “దొరికావురా!” అంటూ ఒకాయన బొటనవేలు పట్టేసుకున్నారు. ఆయన అదిరిపడి తమిళంలో ఏదో గట్టిగా అన్నాడు. వెనకనుంచి ఎవరో పకపకా నవ్వారు.

“అన్నా, నేను ఈడ ఉండా! మీ చెయ్యి నాకు దూరం నించే తెలిసిపోయింది. ఉంగరం ఆ వేలికి ఏసుకునేది మీరొక్కరే.”

పొడుగ్గా, నూనె మరకల చొక్కాతో గుణ. ఆ తమిళాయనకు సంగతి చెప్పి శాంతింపజేసి, మమ్మల్ని టీ కొట్టుకు లాక్కెళ్ళాడు. మా ఊళ్ళో టీ అంటే గుక్కెడు పట్టే కాగితం కప్పు. ఇక్కడ గాజుగ్లాసు నిండా నురగతో ఇచ్చారు. ధర రెండు రూపాయలు ఎక్కువైనా నాకు న్యాయంగానే అనిపించింది. బోండా మాత్రం మా బోండా కాదు. మిరియాలు, కొబ్బరిముక్కలు తగులుతూ, పక్కన చట్నీ లేకపోయినా చెల్లిపోయేలా ఉంది. నేను మూడోదానికి చెయ్యి చాపుతుంటే గుణ అసలు మాట ఎత్తాడు.

“అక్కా, ఆ పాపని పోనీయొద్దు. కుట్టు పట్టేది నేను ఆమె గొంతు యిని నేర్చుకున్నా. అన్న చెప్తే పరుగే, అందుకోను మావల్ల కాదు.”

“నేను నెమ్మదిగానే చెప్తానండి!” అన్నారు దేవదానం గారు, ఆ మూడు మాటలూ ఒక్క ఊపిరిలో.

ఊత్తుకోట: ముంజలు కావు, నుంగు

తిరువళ్ళూరుకు పోయే దారిలో ఊత్తుకోటలో బస్సు మారాం. ఎండ మాడు పగలగొడుతోంది. రోడ్డుపక్క తాటాకు పందిట్లో ఒకావిడ ముంజలు కొడుతోంది. దేవదానం గారు ముంజలియ్యమన్నారు. ఆవిడ “నుంగా?” అంది. ఈయన “ముంజలండీ” అన్నారు. ఆవిడ ఈయన్ని ఎగాదిగా చూసింది.

“పేరేదైతే ఏమి సామీ, నోట్లో ఏసుకో. తమరు యాడనించి వస్తా ఉండారు?”

“రాజమండ్రండి.”

“అది యాడుండాది? తిరుపతికి ఈ పక్కనా, ఆ పక్కనా?”

గోదావరి గట్టు మనిషికి ఇంతకంటే అవమానం ఉండదు. దేవదానం గారు గోదావరి గురించి, పుష్కరాల గురించి, వంతెన గురించి చెప్పబోయి, చూపు ఆవిడ కాళ్ళమీద పడగానే ఆగిపోయారు. చెప్పు పట్టీ తెగిపోయి పురికొసతో కట్టి ఉంది. అడక్కుండానే ఆ చెప్పు లాక్కుని, గుమ్మిడిపూండిలో మమ్మల్ని బస్సెక్కిస్తూ గుణ ఇచ్చిన తోలుముక్కల సంచీలోంచి ఒక ముక్క తీసి, అక్కడే కూలబడి కుట్టేశారు. ఆవిడ చెప్పు తొడుక్కుని అటూ ఇటూ నడిచి చూసుకుంది. ఇంకో నాలుగు ముంజలు చీల్చి మా చేతుల్లో పెట్టింది. మా వైపు ముంజలు కాస్త ముదురుగా ఉన్నా జనం తినేస్తారు. ఇక్కడివి వేలితో నొక్కితే నీళ్ళు చిమ్మాయి. నా జాకెట్టంతా తడిసింది. ఆవిడ నవ్వుతూ తన కొంగు ఇచ్చింది.

మణవాళనగర్ మేడ

వాకిట్లోకి పరిగెత్తుకొచ్చిన అమ్మాయిని చూసి నేను ఒక్కక్షణం పోల్చుకోలేకపోయాను. ఫోటోల్లో ఆ చేతులు పెద్దవిగా, ధీమాగా ఉండేవి. మనిషి ఇంతా చేసి నా భుజానికి వస్తుంది. “అక్కా!” అనగానే మాత్రం ఆ గొంతు నాకు ఎంత చుట్టమో తెలిసింది. ఇద్దరం కావలించుకుని, ఎందుకో నవ్వుకుంటూ చాలాసేపు నిలబడిపోయాం.

కోమల వాళ్ళక్క అప్పటికే ఆకులు వేసింది. మేం పప్పుతోనో పచ్చడితోనో మొదలుపెట్టి నెయ్యి కోసం దిక్కులు చూస్తాం. ఇక్కడ సాంబారు మొదట, తర్వాత రసం, ఆ తర్వాత మజ్జిగ. ఆ వరస తప్పితే వడ్డించే మనిషికి తోచదు. నేను రసం దాటేసి పెరుగు అడిగేసరికి అక్క గరిటె గాల్లోనే ఆగిపోయింది. “రసం పోసుకోలే?” అని నా కడుపులో ఏదో తేడా చేసినట్టు అడిగింది. మర్యాదగా పోయించుకున్నాను.

తర్వాత మేడెక్కాం. నీళ్ళ ట్యాంకు కింద మంచమంత నీడ. అదీ ఆమె కార్ఖానా. పనిముట్లన్నీ వాళ్ళ నాన్న నేసిన తువ్వాలులో మూటకట్టి ఉన్నాయి, ఎవరు ముందు అడిగితే వాళ్ళకిచ్చేలా.

“మా నాయన కోపగించుకునే మనిషి కాదక్కా” అంది కోమల. “అరిచినా బాగుండు, నేనూ అరుస్తా. తోలు గడప దాటకూడదు అంటాడు, అంతే, మళ్ళా మగ్గంలో కూర్చుంటాడు. మా అన్న మగ్గం అమ్మేసి పోయినాంక ఆ గది కాలీగా ఉండాది. దాంట్లో ఒక మూల ఇస్తే చాలు. ఇయ్యకపోతే ఈ పని ఇంక యాడ చేసేది?”

“రేపు నేను మాట్లాడతాను” అన్నాను. దేవదానం గారు నావైపు జాలిగా చూశారు.

తిరుత్తణి: అరుగు మీద దుకాణం

కోమల వాళ్ళ వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు మొదలైంది. ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో అందుకుంటుంది. ఇంటి ముందు సిమెంటు అరుగు. కొట్టుకు సెలవు పెట్టి వచ్చిన కోమల, పనిముట్ల మూట చంకన పెట్టుకుని మొహమాటంగా ఆగింది.

“అక్కా, తోలువన్నీ ఈడనే తీసెయ్యాల.”

మేం తోలు మనుషులం! తియ్యడం మొదలుపెడితే అంతెక్కడ? నా చెప్పులు, సంచి, పర్సు, కళ్ళజోడు పెట్టె, కోమలే కుట్టి పంపిన వాచీ పట్టీ. దేవదానం గారి చెప్పులు, పర్సు, ఫోను తొడుగు, చివరికి బెల్టు. అన్నీ కుప్పపోస్తే అరుగు మీద దుకాణం పెట్టినట్టే ఉంది. దారినపోయే ఒకావిడ ఆగి నా సంచి ఎంతకిస్తారని కూడా అడిగింది. ఆ క్షణం నుంచి దేవదానం గారి ఎడమచెయ్యి ప్యాంటును పట్టుకునే పనిలో ఉండిపోయింది.

“రండి” అని నేను లోపలికి నడిచాను. ఆయన రాలేదు. అరుగు మీదే చతికిలబడ్డారు.

“నాకిక్కడ గాలి బాగుందండి. మా తాత కూడా ఇలాంటి అరుగుల దాకా వచ్చి, పాదాల కొలత తీసుకుని వెళ్ళిపోయేవాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు కదండీ.”

నిజమే, ఎవరూ అనలేదు. వద్దని కూడా అనలేదు. ఆ రెంటి మధ్యా ఎంత దూరముందో ఆయనకు తెలిసినంతగా నాకు తెలియదు. సిగ్గేసింది.

మునిరత్నం గారు గుంటమగ్గంలో కూర్చుని ఉన్నారు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. “రొంబ దూరం నించి వచ్చినారు, కూర్చోండమ్మా” అన్నారు. నేను రైల్లో తయారుచేసుకున్న ఉపన్యాసం మొత్తం వినిపించాను. అమ్మాయి చేతిలో ఎంత విద్య ఉందో, మా గుంపులో ఆమెకు ఎంత గౌరవమో అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

“మీరు చెప్పేది బాగుండాది. అయితే తోలు లోపలికి రాకూడదమ్మా. మా నాయనా ఒప్పుకోలే, ఆయన నాయనా ఒప్పుకోలే. సాప్పాడు తినేసి పోండి.”

నా ఉపన్యాసం అంతటితో ముగిసింది. ఆయన మళ్ళీ నేతలో పడ్డారు. పిడి లాగితే, అడ్డదారం మోసుకుపోయే నాడె ఇటునుంచి అటు పరుగెత్తుతుంది. దాన్ని వెనకనుంచి కొట్టి పంపే చిన్న దిమ్మె ఒకటి అటూ ఇటూ ఉంటుంది. పిక్కర్ అంటారు. చూస్తుండగానే కుడిపక్క పిక్కర్ ఫట్‌మని విరిగింది. ప్లాస్టిక్‌ది.

“చూస్తిరా! ఇప్పుడొచ్చేదంతా ఇట్లే” అని విసుక్కుంటూ ఆయన డబ్బాలోంచి పాతది ఒకటి తీశారు. నల్లగా, కొమ్ములా మెరుస్తోంది. నాడె తగిలీ తగిలీ నడుమ చిల్లి పడింది. “ఇది మా నాయన దినాలది. ఈ మాదిరి ఇప్పుడు యాడా దొరకలే.”

కిటికీలోంచి దేవదానం గారి తల లోపలికి తొంగిచూసింది. “అది గేదెతోలండి!”

“తోలు కాదు” అన్నారు మునిరత్నం గారు, అంతే మెత్తగా. “మగ్గం ముక్క.”

నాకు నవ్వు తన్నుకొచ్చి, కోమల వాళ్ళమ్మ ఇచ్చిన మజ్జిగ చెంబు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. కోమల నవ్వలేదు. ఆ పాత ముక్కను అరచేతిలో పెట్టుకుని చూస్తోంది.

“నేను చేసిస్తా నాయనా.”

ఆయన కూతురివైపు, విరిగిన ప్లాస్టిక్ ముక్కవైపు చూశారు. “చెయ్ సూస్తాం” అన్నారు.

అందం ఎక్కువైంది

ఆ పూట అరుగు మీద జాతరే. దేవదానం గారు ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో పెత్తనం. బెల్టు మళ్ళీ పెట్టుకోమంటే, ఈ గడప సంగతి తేలేదాకా ముట్టనన్నారు. గుణ ఇచ్చిన సంచీలోంచి మంచి బెల్టుతోలు ఏరి, పొరమీద పొర అంటించి, కోమల చిన్న చిన్న కుట్లు వేసింది. అంచులు రుద్ది అద్దంలా మెరిపించింది. మైనం పట్టించింది, నూనె పూసింది. నేను ఫోటో తీసి గుంపులో పెట్టాను. హృదయాల వర్షం కురిసింది. ఇంత అందమైన పిక్కర్ ప్రపంచంలో ఏ మగ్గానికీ ఉండదని ఒకాయన రాశాడు.

మునిరత్నం గారు బిగించి, పిడి లాగారు. నాడె సగందూరం పోయి నిలబడిపోయింది. ఇంకాస్త గట్టిగా లాగారు. నాలుగైదు దెబ్బలకే మెత్తటి తోలు సొట్టపడింది. అంతటితో ఆగినా బాగుండేది. పూసిన నూనె నాడెకంటి, నాడెనుంచి నూలుకంటి, తెల్లటి పంచె నడుమ గోధుమరంగు చార పడింది.

పర్సు ఎలా ముద్దుచేస్తామో మగ్గం ముక్కనూ అలాగే ముద్దుచేశాం. మా గుంపువాళ్ళు తప్ప ఎవరూ చెయ్యని తప్పు ఇది. ఆ తోలు ఏరి ఇచ్చిన దేవదానం గారు, ముంజలావిడ మాట పడ్డప్పుడు కూడా అంత చిన్నబోలేదు.

మునిరత్నం గారు అరవలేదు. ముడి విప్పి, ముక్కను కూతురి చేతిలో పెట్టారు. “అందంగా ఉండాది. అద్దాల బీరువాలో పెట్టుకో.”

కోమల అరుగు మీదికొచ్చి కూర్చుంది. “ఇంక అయిపోయిందక్కా” అంది. నేను జరిగిందంతా గుంపులో పెట్టాను. చారపడ్డ పంచె ఫోటో కూడా పెట్టాను. అదేం గుంపో కానీ, ఒక్కరు కూడా వెక్కిరించలేదు. ముందు కుట్టు బాగుందన్నారు. ఆ తర్వాత అసలు మాట బయటికొచ్చింది. పదును చేసిన మెత్తటి తోలు పనికిరాదు, పదును చెయ్యని పచ్చితోలు కావాలి, ఎండితే కొమ్ములా బిగుస్తుంది అని ఒకరు. పచ్చితోలు ఎక్కడ దొరుకుతుందని పదిమంది. అప్పుడు గుణ గొంతు వచ్చింది.

“అక్కా, మా కుక్కకి కొరికేదానికి బొమికె కొంటా గదా, అది బొమికె కాదు. గేదె పచ్చితోలే చుట్ట చుట్టి అమ్మతారు. నానేస్తే యిప్పుకుంటాది!”

కోమల లేచి నిలబడింది. నేను చప్పట్లు కొట్టాను. వీధిలో రెండు మగ్గాలు ఆగాయి, నేసేవాళ్ళు కిటికీల్లోంచి ఇటు చూశారు.

కుక్కల కొట్టులో

బజారులో పెంపుడు జంతువుల కొట్టు ఉంది. కొట్టతను తెలుగులోనే అడిగాడు. “కుక్క ఎంత పెద్దది? పండ్లు గట్టివేనా?”

దేవదానం గారు చేతులు చాపి మగ్గం వెడల్పు చూపించబోయారు. చాపేది రెండు చేతులూ కనుక ప్యాంటు జారింది. ఒడుపుగా పట్టుకున్నారు. కొట్టతను కళ్ళు పెద్దవి చేసి, అటకమీద నుంచి అన్నిటికంటే పెద్ద బొమికెలు దించాడు. అంత కుక్కను ఒకసారి తీసుకొచ్చి చూపించమని బతిమాలాడు కూడా. మగ్గానికని చెప్తే నమ్మలేదు.

బొమికెలు బకెట్లో నానబెట్టి అరుగు చివర పెట్టాం. నానేకొద్దీ లేచిన వాసన గురించి రాయకపోవడమే మంచిది. పొద్దుగూకే వేళ వీధికుక్క ఒకటి వచ్చి, తనకు రావలసినది తాను తీసుకుంటున్నట్టు ఒక బొమికె నోట కరుచుకుని పోయింది. ముగ్గురం వెంటపడ్డాం. దేవదానం గారు ఒంటిచేత్తో ఎంతదూరం పరిగెడతారు? వీధంతా నవ్వింది. మునిరత్నం గారు కూడా కిటికీలోంచి చూసి నవ్వారని కోమల వాళ్ళమ్మ నాతో రహస్యంగా చెప్పింది.

ఆ రాత్రి బకెట్టుకు కాపలాగా దేవదానం గారు అరుగు మీదే పడుకున్నారు. తెల్లారేసరికి మిగిలినవి విప్పుకుని వెడల్పాటి తోలుపట్టీలయ్యాయి. కోమల ఈసారి అలంకారాల జోలికి పోలేదు. పాత ముక్క చూసి చెక్క అచ్చు చేసుకుని, దాని చుట్టూ పొరలు పొరలుగా గట్టిగా చుట్టి, రెండు చెక్కల మధ్య బిగించి, కుక్కకు అందకుండా అరుగు పక్క గోడమీద ఎండకు పెట్టింది. దేవదానం గారు పక్కన కూర్చుని ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఆయనకు అదెంత కష్టమో నాకు తెలుసు.

కొండ మీద

ఆ ముక్క ఎండేదాకా చేసే పనేం లేదు కనుక ఊళ్ళోని గుడి కొండెక్కాం. “దేవుడు మీవాడు, మెట్లు అందరివీనండి” అంటూ దేవదానం గారూ వచ్చారు. పసుపుబట్టలు, గుండ్లకు చందనం, భుజాన కావళ్ళు. “అరోహరా” అని ఒకరంటే మెట్లన్నీ అందుకుంటున్నాయి. మా అన్నవరం కొండ మీద జనం ప్రసాదం కోసం తొక్కిసలాడతారు. ఇక్కడ కావడి మోసేవాడికి దారివ్వడానికి ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని సగం మెట్లు ఎక్కింది. పైకి చేరాక ఎవరి చెయ్యో చూసుకుని, “నీ చేతినిండా కాయలుండాయే, ఏం పని చేస్తావు?” అంది. తోలుపని అన్నాను. “కొడుక్కి బెల్టు కావాల” అంది ఆవిడ, దర్శనానికి ముందే.

దేవుడి ముందు నిలబడితే నాకోసం ఏమీ గుర్తురాలేదు. ఆ ముక్క సరిగ్గా ఎండాలి స్వామీ అని దండం పెట్టుకున్నాను.

కుడిపక్క, ఎడంపక్క

మర్నాటికి అది ఎముకలా బిగిసింది. గోటితో కొడితే టంగుమంది. కోమల బెజ్జాలు వేసి నాన్న చేతికిచ్చింది.

మునిరత్నం గారు కుడిపక్క బిగించి, పిడి లాగారు.

నాడె దూసుకుపోయింది. టక్‌మని ఎలాంటి చప్పుడు! కోమల వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. పాత రోజుల్లో ఇదే చప్పుడట. ఆయన మళ్ళీ లాగారు. ఈసారి ఎడమనుంచి రావలసిన నాడె సగంలో చతికిలబడింది. ఎడంపక్క ఇంకా ప్లాస్టిక్‌దే ఉంది. కుడిపక్క కొట్టే దెబ్బకు ఎడంపక్కది జోడు కాలేకపోతోంది. రెండుమూడుసార్లు చూసి ఆయన నేత ఆపేశారు.

“ఎడంపక్కది గూడా ఇదే మాదిరి కావాల.”

“చేస్తా నాయనా. యాడ చేసేది? అక్క ఇంట్లో సుత్తి పట్టనీయరు.”

ఆయన నాడె చేతిలోకి తీసుకుని తిప్పుతూ ఉన్నారు.

“అన్న గదిలో చెయ్.”

“తోలు, నాయనా?” అంది కోమల.

“ఆ గదిలో వెలుతురు చాలదు” అన్నారు ఆయన. “బల్బు మార్చాల.” నాడె కింద పెట్టి, “ఆ అన్నని లోపలికి రమ్మను. ఎడంపక్క కొలత ఆయన సూడాల.”

నేను ఎగురుకుంటూ అరుగు మీదికి పరిగెత్తాను. దేవదానం గారు అంతా విన్నట్టే ఉన్నారు. కానీ కదల్లేదు. ఎప్పుడూ ఎగిరిపడే ఆ గొంతు అప్పుడు చాలా నెమ్మదిగా ఉంది.

“మీరు పిలిస్తే మీ గుంపులోకి వచ్చానండి అడ్మిన్ గారూ. ఈ ఇంట్లోకి మాత్రం ఆ ఇంటాయనే పిలవాలండి.”

లోపల మగ్గం చప్పుడు లేదు. కిటికీ తెరిచే ఉంది. నాకు భయమేసింది, ఇంతా చేసి ఇక్కడ చెడుతుందేమోనని. కానీ అది తప్పు అనిపించలేదు. ఆయన అడిగింది న్యాయం.

మునిరత్నం గారు మోకాళ్ళు పట్టుకుని గుంటలోంచి లేవడం, చిన్నగా నడిచి రావడం వినబడింది. గడప దగ్గరకొచ్చి, ఒక అడుగు బయటపెట్టి, అరుగు మీద దేవదానం గారి ఎదురుగా నిలబడ్డారు.

“అన్నా, లోపలికి రాండి. ఆ పొద్దే పిలవాల్సింది.”

దేవదానం గారు ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో ఆరె పట్టుకుని లేచారు. ఆయన వెనకే కోమల తన మూట ఎత్తుకుని గడప దాటింది. నేను అరుగు మీదే కూర్చుండిపోయి, ఎవరు చూస్తారన్న జంకు కూడా లేకుండా ఏడ్చాను. లోపల “ఇంకొంచెం ఎడంగా” అంటున్నారు మునిరత్నం గారు. “నాకు తెలుసండీ” అంటున్నారు దేవదానం గారు. “ఇద్దరూ జరగండి, నన్ను కొట్టనీండి” అంటోంది కోమల.